పడవో, పెండ్లామో

సక్కుబాయి పొయ్యి మీది అన్నం గిన్నె మూత తీసింది. గిన్నెలో బియ్యం లేవు. సోడా నీళ్ళలో ఇత్తడి ముక్క ఒకటి కుతకుతా ఉడుకుతోంది. పైన నల్లటి నురగ తెట్టె కట్టింది.

"ఏందిది?"

"కార్బురేటరు. పడవ ఇంజనుది," అన్నాడు పర్శరాములు, పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ. "జర ఉడికితె జిడ్డంత ఇడుస్తది. గిన్నె నేనే తోముత తీయ్."

"నా అన్నం గిన్నెల పడవను వండుతున్నవా?"

"పడవ కాదే, కార్బురేటరు."

జాగీర్దారు షికార్లు తిరిగి, జాగీర్లు పోయాక, ఊరంతా గంగ అని పిలిచే గోదావరి ఇసుకలో వదిలేసి పోయిన మోటారు పడవ అది. మధ్యలో చిన్న గది, దానికి అద్దాల కిటికీలు. దాన్ని వేలంలో పాడుకున్నది మొదలు పర్శరాములు బియ్యం మరలో పని కాగానే వెళ్ళి అందులోనే పడి ఉంటున్నాడు. సక్కుబాయి ఒకే ఒక్కసారి లోపలికి తొంగి చూసింది. అడుగున మురిగిన నల్లనీళ్ళు, గబ్బిలాల రెట్ట, ఆ నీళ్ళలో ఉబ్బి తేలుతున్న పందికొక్కు. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. తరవాత ఆ కంపే ఇంటికి నడిచొచ్చింది. మొగుడి అంగీకి డాంబరు కంపు. దుప్పటికి కిరసనాయిలు కంపు. పెరుగు తోడుపెడితే అందులోనూ ఇంజను వాసనే. అతను వచ్చి పక్కన పడుకుంటే ఆమె ముక్కు మూసుకుని గోడవైపు తిరిగేది.

గిన్నె దించి వాకిట్లో కుమ్మరించబోయిన సక్కుబాయి ఆగిపోయింది. దండెం మీద ఆమె పెండ్లి చీర సగమే ఉంది.

"తక్కిన చీరేది?"

"కిటికీలకు పరదాలు కుట్టిచ్చిన. ఎంత సోకుగున్నదో! పడవ మీద నీ పేరు సుత రాపిస్త."

"ఛీ! గా గబ్బు మీద నా పేరా? ఇగ తేల్చు. నీకు పడవ కావాల్నా, పెండ్లాం కావాల్నా?"

పర్శరాములు గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. ఆలోచించడమేమిటని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. బట్టలు మూటగట్టింది. ఇత్తడి చెంబు కూడా అందులో వేసుకుంది. "మా అవ్వ దగ్గరికి పోతున్న. గా పడవతోనే కాపురం చెయ్యి," అని రేవుకు నడిచింది.

ఆమె తల్లిగారి ఊరు అవతలి ఒడ్డున, ఆదిలాబాద్ జిల్లాలో. రేవులో పడవ నడిపే హనుమంతు మాత్రం గడ పక్కన పెట్టి చుట్ట తాగుతున్నాడు.

"పైన వానలు పడ్డయక్కా. గంగ ఎర్రగ వస్తుంది. నీళ్ళు తగ్గేదాక నేను పడవెయ్య."

"ఎప్పుడు తగ్గుతయి?"

"గంగనే అడగాలె."

రేవులో బట్టలుతికే ఆడవాళ్ళంతా చేతులాపి ఆమె మూట వైపే చూస్తున్నారు. వెనక్కి వెళితే మొగుడి ముందు తల కొట్టేసినట్టే. ఏం చేయాలో తోచక గట్టు మీద కూర్చుంది. చాలాసేపటికి రేవు పక్క నుంచి ముసలి దగ్గులాంటి చప్పుడు వినిపించింది. ఇసుకలోని మోటారు పడవ పెరిగిన నీళ్ళలో తేలి, గొట్టంలోంచి నల్లటి పొగ కక్కుతోంది. నూనె చేతులతో పర్శరాములు నవ్వుతున్నాడు.

"ఎక్కు. నేను దించొస్త."

వేరే దారి లేదు. సక్కుబాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అతని చెయ్యి పట్టుకోకుండానే ఎక్కింది. గదిలో పెండ్లి చీర పరదాలు గాలికి ఊగుతున్నాయి. వాటిని చూడకుండా కళ్ళు మూసుకుంది.

నడి గంగలోకి రాగానే ఇంజను రెండు తుమ్ములు తుమ్మి ఆగిపోయింది. పడవ పక్కకు తిరిగి వరద వెంట కొట్టుకుపోసాగింది. సక్కుబాయి కాళ్ళకు చల్లగా తగిలింది. కళ్ళు తెరిస్తే గదిలో పాదాలు మునిగే నీళ్ళు.

"నీళ్ళొస్తున్నయ్!"

"పలకల సందు విచ్చుకున్నట్టున్నది!" ఇంజను మీద నుంచి లేవకుండానే అరిచాడు పర్శరాములు. "గుడ్డ కుక్కు, సక్కూ! జల్ది!"

ఆమె పరదాను ఒక్క గుంజు గుంజింది. ఆ మురికి నీళ్ళలోకి మోచేతుల దాకా చేతులు పెట్టి తడిమింది. వేళ్ళకు మెత్తగా, జారుడుగా ఏదేదో తగులుతోంది. వాంతి గొంతు దాకా వచ్చింది. మింగింది. సందు దొరికింది. చీరను మడిచి, కసిదీరా కుక్కి, మడమతో తొక్కిపట్టింది. చెంబు తీసి నీళ్ళు ఎత్తిపోయడం మొదలుపెట్టింది. ఒక్కో చెంబుకు ఒక్కో తిట్టు. జాగీర్దారును తిట్టింది, వేలం పాడించినవాణ్ణి తిట్టింది, మొగుణ్ణి మాత్రం రెండేసి సార్లు తిట్టింది.

పర్శరాములు ప్లగ్గు తుడిచి బిగించి, పిడి పట్టుకుని బలమంతా పెట్టి తిప్పాడు. ఇంజను ఉలకలేదు. మళ్ళీ తిప్పాడు. ఈసారి దగ్గింది, కక్కింది, అందుకుంది.

అవతలి ఒడ్డుకు చేరేసరికి ఇద్దరూ తల నుంచి కాలి దాకా నల్లగా ఉన్నారు.

"చూసినవా? దాటిచ్చింది!" అన్నాడు పర్శరాములు, పళ్ళు మాత్రమే తెల్లగా మెరుస్తుండగా.

"నోరు ముయ్యి. కంపు కొడుతున్నవ్."

సక్కుబాయి మూట తీసుకుని ఒడ్డు మీదికి దూకింది. ఎదురుగా తల్లి అనసూర్య! పరుగున వెళ్ళి ఆమె మీద పడింది.

"అవ్వా! ఇగ నేను గా ఇంటికి పోనే..."

"మంచి యాళ్లకు వచ్చినవు బిడ్డా," అంటూనే అనసూర్య ఆమెను పక్కకు జరిపింది. తన నెత్తి మీది మూటను పడవలోకి విసిరి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఎక్కి కూర్చుంది. "పడవలు లెవ్వంటె పొద్దటి సంది గీడనే ఉన్న. పా అల్లుడా, తిప్పు. నేను మీ ఇంట్లనే ఉంట."

"ఏమైందవ్వా?" బిత్తరపోయింది సక్కుబాయి.

అనసూర్య ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

"మీ బాపు మిలట్రోల్ల పాత లారీ కొన్నడు."