ముప్పై ఏడో కవరు

మొదటి దెబ్బకే డాక్టరు ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. రెండో దెబ్బకు ఆయన బల్ల మీద పడ్డాడు. గాజు సీసాలు భళ్లున పగిలి పసుపుపచ్చని పొడి నేలంతా పరచుకుంది.

తమ్ముడికి కసి తీరలేదు. తల్లి పోతే తనను పెంచి పెద్ద చేసిన అక్క ఈ పొద్దున నిద్ర లేవలేదు. షుగర్ మరీ పడిపోయి నిద్రలోనే ప్రాణం పోయిందన్నారు. నెల రోజులుగా ఆమె ఈ డాక్టరు ఇచ్చిన గుళికలు మింగుతోంది. ఉల్లిపొరల్లోంచి తీసిన ఫ్లేవనాయిడ్లనే పదార్థాలట. షుగర్‌ను అదుపులో పెడతాయేమోనని వందమంది మీద పరీక్షిస్తున్నాడట. పరీక్షకు వీడికి మా అక్కే దొరికిందా అని తమ్ముడి కడుపు మండిపోతోంది.

"మా ఇంట్లో కొత్తగా వచ్చినవి ఈ గుళికలేరా. మిగతావన్నీ ఎప్పటివే," అన్నాడు బావ వెక్కుతూ.

నిజమే. సూదంటే అక్కకు చచ్చేంత భయం. అందుకే రెండు పూటలా ఇన్సులిన్ బావే తన చేత్తో వేసేవాడు. అలాంటి మొగుడు దొరకడం తన అదృష్టమని అక్క కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేది.

ఆ బావే ఇప్పుడు ఇనుప కుర్చీ ఎత్తి బీరువాను బాదుతున్నాడు. తలుపు ఊడింది. లోపలి కాగితాలూ, సీలు వేసిన కవర్లూ అన్నీ కింద గుమ్మరించాడు.

తమ్ముడు డాక్టరు మెడ పట్టి గోడకు నొక్కి, అక్కకు ఏం పెట్టావో చెప్పమన్నాడు.

"నాకూ తెలీదు బాబూ," అన్నాడు డాక్టరు నెత్తురు మింగుతూ. "సగం మందికి అసలు గుళికలు, సగం మందికి ఉత్తుత్తివి. ఎవరికేవో నాక్కూడా తెలియకూడదని కవర్లలో పెట్టి సీలు వేశారు. మీ అక్కది ముప్పై ఏడు. చింపి చూడు. నా మందే అయితే నన్ను చంపెయ్."

అది తన్నులకు భయపడే గొంతు కాదు. తన మందే చంపిందేమోనని ఆయనకూ అనుమానమే.

"వీడితో మాటలేంట్రా," అని బావ కవర్ల కుప్ప మీదికి అగ్గిపుల్ల గీసి విసిరాడు.

తమ్ముడు డాక్టరు మెడ వదలకుండానే బరబరా ఈడ్చుకెళ్లి, కాలితో మంట తొక్కి, ముప్పై ఏడో కవరు లాగి పళ్లతో చింపాడు.

'వట్టి మొక్కజొన్న పిండి' అన్న మాటలు రెండుసార్లు చదివి, డాక్టరు మెడ వదిలి బావ మెడ పట్టుకున్నాడు.