ముందు నడిచే బాతు

ఆషాఢ బహుళ తదియ, గురువారం, పొద్దుటి నుంచీ ముసురు. ముసురు పడితే పకోడీలు గుర్తొస్తాయి, అది వేరే సంగతి. బాతుల మందను నడిపే ముసలిబాతు ఆ వేకువనే పోయింది.

ఆ చోటు నీలమ్మ అనే బాతుకు కావాలి, కానీ అడగడానికి నోరు పెగలదు. గండయ్య అనే మగబాతు మాత్రం రొమ్ము విరుచుకుని కాలవగట్టు మీద ముందు నడిచాడు. రెండడుగులకోసారి వెనక్కి తిరిగి, "నా నడక ఎలా ఉందర్రా?" అంటున్నాడు.

"నీ నడక తగలెయ్య! ఎదురుగా కుక్కరా! అందరూ కాలవలోకి దూకండి!" అని నీలమ్మ అరిచింది.

మందంతా దూకింది. "ఆ గొంతు నాదేనా?" అని నీలమ్మే బిత్తరపోయింది.

ముసలిబాతు చోటు నీలమ్మకు దక్కింది. గూట్లో దాని వెచ్చని మూల నీలమ్మ చెల్లెలికి వచ్చింది. గండయ్యకు ఏమీ రాలేదు. ఆఖరున దూకాడేమో, ఉన్న తోక ఈకలు కూడా కుక్క పాలయ్యాయి.