ఆవిడ చెయ్యి

గోవిందస్వామి మళ్ళీ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అదీ కట్టుకున్న పెళ్ళాం కళ్ళముందే.

కనకవల్లికి ఒళ్ళు మండిపోయింది. పురసవాక్కంలోని ఈ ఆసుపత్రిలో వారం రోజులుగా ఇదే వరస. మనలి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగడం ఆలస్యం, నేరుగా వచ్చి ఇక్కడ వాలతాడు. ఇంత కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని ఆ వేళ్ళు ఒక్కొక్కటే సాగదీస్తాడు, మడుస్తాడు, ఒళ్ళో పెట్టుకుని నిమురుతాడు.

"ఒక్క వేలు కదిలించు బంగారూ," అంటాడు.

బంగారు అంట. పద్దెనిమిదేళ్ళ కాపురంలో కనకవల్లిని ఒక్కసారైనా అలా పిలిచిన పాపాన పోలేదు. ఆమెకు జ్వరమొస్తే ఓ మాత్ర చేతిలో పెట్టి, అటు తిరిగి పడుకున్న మనిషి ఇతను.

ఆవిడ మాత్రం తక్కువదా? సిగ్గూ ఎగ్గూ లేకుండా చెయ్యి అతని ఒళ్ళో పడేసి, నోరు మెదపకుండా సేవ చేయించుకుంటోంది. ఆ ముఖం చూడాలని కూడా కనకవల్లికి అనిపించలేదు. పాలిపోయిన ఆ చెయ్యి చూస్తేనే కడుపు రగిలిపోతోంది.

ఉండబట్టలేక అడిగేసింది.

"ఎవురయ్యా ఆయమ్మ?"

"ఎవురుండారే ఈడ? నువ్వూ నేనే గదా," అన్నాడు గోవిందస్వామి తల వంచుకుని.

పైగా కళ్ళలో నీళ్ళొకటి. ఏం నాటకాలు, అనుకుంది.

అంతలో డాక్టర్ కిరణ్‌కుమార్ వచ్చాడు. విజయవాడ మనిషి. గోవిందస్వామిని పక్కకు పిలిచి మెల్లగానే చెప్పాడు కానీ, కనకవల్లివి పాము చెవులు.

"మెదడుకి వెళ్ళే కుడివైపు రక్తనాళం పుట్టుకతోనే సన్నగా ఏర్పడిందండి. ఇన్నేళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు అక్కడే గడ్డ అడ్డుపడి, రక్తం అందక స్ట్రోక్ వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది, దాని మీద ధ్యాసా పోయింది అందుకే. రోజూ మీరే పట్టుకుని ఆడించాలి."

పాపం, అనుకుంది కనకవల్లి ఒక్క క్షణం. మరుక్షణమే మళ్ళీ మండింది. మీరే అంటే? నర్సులంతా ఏమైపోయారట?

"ఇంటికి పిలుచుకోని పోవచ్చునా సార్?"

"సోమవారం తీసుకెళ్ళండి."

ఇంటికట. చింతాద్రిపేటలో తను దీపం పెట్టుకునే ఇంటికి, తన మంచం మీదికి ఈవిడ వస్తుందన్నమాట. ఇంక తనకు మొగుడూ లేడు, ఇల్లూ లేదు.

మందుల చీటీ తీసుకుని గోవిందస్వామి కిందికి వెళ్ళాడు. ఆ చెయ్యి దుప్పటి మీద ఒంటరిగా పడి ఉంది. ఇదే అదను. జుట్టు పట్టి ఈడ్చేస్తే పీడ విరగడవుతుంది.

"నడువే ఆవలికి," అంటూ ఆ మణికట్టు దొరకబుచ్చుకుంది కనకవల్లి.

మోచెయ్యి, భుజం తడుముకుంటూ పైకి పోయి, చిక్కిన జడను బలమంతా పెట్టి గుంజేసరికి, దిండు మీదినుంచి ఎడమపక్కకు ఒరిగింది కనకవల్లి తలే.