పద్దెనిమిదో బూటు

“నిజం చెప్పండి. పొద్దున ఆ బూటు సోల్ పట్టుకుని లాగారా, లేదా?”

బూట్ల ఫ్యాక్టరీలో టెస్టింగ్ రూమ్ బయట బెంచీ మీద కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది భార్య. భర్త నేలచూపులు చూశాడు.

“గట్టిగా కాదే. అతుక్కుందో లేదోనని... కొంచెం.”

“నా ఖర్మ! ముప్పై గంటలు ఆరేదాకా ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!”

ఆ జిగురు ఆమె కనిపెట్టింది. ఇంటి వెనక రేకుల షెడ్డే వాళ్ళ కంపెనీ. ఇప్పటికి పదిహేడుసార్లు ఈ ఫ్యాక్టరీ బూటుకి రాసి తెచ్చారు. పదిహేడుసార్లూ లోపలి మెషిన్ సోల్‌ని ఊడబీకి చేతిలో పెట్టింది.

“సాయంత్రంలోగా అన్నయ్యకి ఫోన్ చెయ్యాలి,” అన్నాడతను. “గోడౌన్‌లో ఉద్యోగం నాకోసం ఇంక ఆపలేడట. ఇది కూడా ఊడితే షెడ్డుకి తాళం వేసేస్తానని మాటిచ్చావు.”

“ఇచ్చాను. ముందు ఊడనివ్వండి.”

లోపల మెషిన్ మొదలైంది. సన్నగా మూలుగుతోంది. అతను లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

“కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు? కూర్చోండి.”

“నీకు భయం లేదూ?”

ఆమె హ్యాండ్‌బ్యాగ్ పట్టీని వేళ్ళకి చుట్టి బిగించింది. వేళ్ళు తెల్లబడ్డాయి.

నాలుగు నిమిషాలు. అయిదు. ఇంతకుముందెప్పుడూ ఆరు దాటలేదు. గోడ గడియారంలో ఆరో నిమిషం దాటింది. ఏడు. అతను ఆమె భుజం పట్టుకున్నాడు.

పటక్!

తలుపు తెరుచుకుంది. మేనేజర్ బయటికొచ్చాడు. ఒక చేతిలో నల్లబూటు, ఇంకో చేతిలో దాని సోల్.

అతను బెంచీ మీద కూలబడ్డాడు. “నా వల్లే. ఆత్రగాడికి బుద్ధి మట్టని మా అమ్మ ఊరికే అనలేదు.”

“ఊరుకోండి. మీరు లాగితే వదిలేది మెషిన్ లాగితే ఆగుతుందా?” ఆమె లేచి మేనేజర్ ముందు నిలబడింది. “సార్, ఇంకో బూటు ఇప్పించండి. నెలరోజుల్లో మళ్ళీ తెస్తాను.”

“మాటిచ్చావు!” అన్నాడు భర్త వెనకనుంచి.

“వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ఉద్యోగానికి వెళ్ళండి, షెడ్డు సంగతి నేను చూసుకుంటాను.”

“సోల్ అంటుకోదు గానీ, ఈ పిచ్చి మాత్రం నీకు బాగా అంటుకుంది!”

మేనేజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఇంకో బూటు ఇవ్వడం కుదరదమ్మా.”

ఆమె కళ్ళు నిండాయి. “ఒక్కటే సార్. అదీ ఊడితే మళ్ళీ ఈ మెట్లెక్కను.”

“అదీ ఊడితేనా?” మేనేజర్ చేతిలోని సోల్‌ని చెత్తబుట్టలోకి విసిరేశాడు. “ఇది మేం ఇప్పుడు వాడుతున్న జిగురమ్మా. పోల్చి చూద్దామని రెండూ పక్కపక్కనే బిగించాం. మీ బూటు ఇంకా మెషిన్‌లోనే ఉంది... ఎంత లాగినా ఊడి రావడం లేదు!”