ఇక ఎవరూ రానక్కర్లేదు

“మళ్ళీ ఆవిడే,” అంది లోర్నా తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. “మిసెస్ ప్రాచుక్. హీటరు ఆగిపోయిందట. మూడోసారి రాసింది.”

“బస్టర్ ఏమన్నాడు?” అడిగాడు ఆమె పై అధికారి డ్వేన్, డోనట్ నములుతూ.

“మూసేశాడు.”

“మరింకేం!”

బస్టర్ మనిషి కాదు. అద్దె ఇళ్ళ కంపెనీకి వచ్చే మెయిళ్ళను ఎవరూ చదవనక్కర్లేకుండా పంచిపెట్టే ప్రోగ్రాం. డ్వేన్ దాన్ని తయారుచేసి, ముద్దుగా ఆ పేరు పెట్టుకున్నాడు. మెయిల్ రాగానే, పంపినవారిని బట్టి ఏ ఫ్లాటో అదే రాసుకుంటుంది. కుళాయి అని ఉంటే ప్లంబరుకి పంపుతుంది. హీటరు అని ఉంటే ముందు ఆ ఫ్లాటు గోడ మీది థర్మామీటరును అడుగుతుంది. ఇరవై డిగ్రీలు దాటి ఉందా, ఫిర్యాదు అక్కడితో సరి. ‘మీ సమస్య పరిష్కారమైంది. శుభదినం!’ అని జవాబు కూడా అదే పంపేస్తుంది. అది వచ్చాక ఫోన్ లైన్ ఎత్తేశారు, ముగ్గురు ఉద్యోగులను ఇంటికి పంపారు. బస్టర్‌కి అంతుపట్టనివి చూడటానికి లోర్నా ఒక్కతే మిగిలింది. మూసేసిన ఫిర్యాదుల పేరు, ఫ్లాటు నంబరు, మొదటి మాటలు తెర పక్కన జారిపోతుంటాయి. తోచనప్పుడు వాటిని చూస్తూ కూర్చోవడం ఆమెకు అలవాటైంది. దిక్కుమాలిన అలవాటు.

“బయట మైనస్ ముప్పై, డ్వేన్. ఒంటరి ముసలావిడ.”

“ఇంట్లో ఇరవై మూడు. నువ్వే చూడు.” అంకె చూపించాడు. “నీకంటే నాకంటే హాయిగా ఉంది. ఆవిడ సంగతి నీకు తెలీదు. కుళాయి కారుతోందని రెండుసార్లు రాసింది. రెండుసార్లూ మన ప్లంబరు మారుతాళంతో తెరుచుకుని వెళ్ళాడు. ఆవిడేమో చర్చి వంటింట్లో పెరోగీలు వండుతూ కూర్చుంది, కుళాయేమో చుక్క రాలడం లేదు. పలకరించే దిక్కులేక రాస్తుంటుంది, అంతే.”

“థర్మామీటరే పాడైందేమో?”

“మనం పాడవుతాం గానీ అది పాడవదు. కొత్తది.”

“ఎందుకైనా మంచిది, ఒక్కసారి మనిషిని పంపుదాం.”

“తెరిచి ఉన్న ఫిర్యాదు లేకుండా మనిషి కదలడు. మూసినదాన్ని నువ్వు తెరిస్తే పైవాళ్ళకి నేను సంజాయిషీ చెప్పుకోవాలి. నీ జాలిగుండె ఇంటి దగ్గర పెట్టి రా, తల్లీ.”

లోర్నా తెర వైపు తిరిగింది. ముగ్గురు పోయిన చోట నాలుగో మనిషి పోవడం ఎంతసేపు? మధ్యాహ్నం అతను లేనప్పుడు దొంగచాటుగా ఆవిడ నంబరు వెతికి ఫోన్ చేసింది. ఎంత మోగినా ఎవరూ ఎత్తలేదు. పెరోగీలే అయ్యుంటాయని సరిపెట్టుకుంది. సాయంత్రం మరో మెయిల్ జారింది. ‘హీటరు లేదు. ముసలి ప్రాణం, తట్టుకోలేదు.’

బస్టర్ మూసేశాడు. శుభదినం.

మర్నాడు పొద్దున్నే ఇంకొకటి వచ్చింది. ‘హీటరు కోసం ఇక ఎవరూ రానక్కర్లేదు.’

“చూశావా!” డ్వేన్ బల్ల మీద చరిచాడు. “ఆవిడే ఒప్పుకుంది. మా బస్టర్ బంగారం.”

లోర్నాకి మాత్రం ఆ మాటలు ముల్లులా గుచ్చుకున్నాయి. లేచి కోటు తగిలించుకుంది.

“ఎక్కడికి?”

“పంటి డాక్టరు దగ్గరికి.”

చలికి ఇంజను గడ్డకట్టకుండా కారుకి తగిలించిన కరెంటు ప్లగ్గు పీకి, గడ్డకట్టిన స్టీరింగుతో కుస్తీ పడుతూ సెల్కిర్క్ వీధి వెనక సందులోకి వచ్చేసరికి మిసెస్ ప్రాచుక్ ఉండే పాత ఇటుకల భవనం ముందు అంబులెన్సు ఆగి ఉంది. ఇంజను ఆడుతోంది. లైట్లు లేవు, సైరన్ లేదు. లోర్నా ఆలస్యం చేశాను, నిన్ననే రావలసింది అని తనను తాను తిట్టుకుంటూ రెండో అంతస్తుకి పరుగెత్తి తలుపు బాదింది.

తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి వెచ్చని గాలి మొహాన కొట్టి కళ్ళద్దాలు మసకబారాయి.

“హమ్మయ్య, బతికే ఉన్నారు!” నోరు జారింది లోర్నాకి.

“నాకేం, ఉన్నాను,” అంది మిసెస్ ప్రాచుక్. కళ్ళు వాచి ఉన్నాయి. చంకలో రెండు దుప్పట్లు, చేతిలో ఫ్లాస్కు. “ఎవరమ్మాయ్ నువ్వు?”

“అద్దె ఆఫీసు నుంచి.” కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే, అంతసేపూ పడ్డ భయమంతా ఒక్కసారిగా కోపమైంది. “ఇల్లు ఇంత వెచ్చగా ఉంచుకుని హీటరు లేదని రాస్తారా? రాత్రి నాకు నిద్ర లేదు, తెలుసా? ఆ కుళాయి గోలా ఇంతే! మీ కోసం ఉద్యోగం పోయినా సరేనని వచ్చాను!”

ఆవిడ దుప్పట్లు కుర్చీలో పడేసి పైకప్పు వైపు చూసింది. పైన బరువైన బూట్లు తిరుగుతున్నాయి. చక్రాలున్నదేదో నేల మీద మెల్లగా దొర్లుతోంది.

“ఈ భవనంలో కంప్యూటరున్న ముసలిదాన్ని నేనొక్కదాన్నే. అందరివీ నేనే రాసిపెడతాను,” అందావిడ.

“హీటరు ఆగింది పై ఇంట్లో.”