రెండు తాళాల గది

"ముందు నీ తాళం తియ్యప్పా!"

"నేనెందుకు? ముందు నువ్వే తియ్యి!"

బళేపేటలోని ఆ మోటార్ వైండింగ్ షాపులో, రాగితీగ గది ముందు పొద్దున్నే గొడవ మొదలైంది. ఒక తాళంచెవి స్టోరు చూసే ఓబులేసుది, రెండోది వచ్చేపోయే సరుకు రాసుకునే సుబ్బలక్ష్మమ్మది. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. గల్లా దగ్గర కూర్చున్న యజమాని చిక్కమునియప్పకు ఆ కేకలు సన్నాయి మేళంలా వినిపించాయి.

వినిపించవూ మరి! కిందటేడు ఆ తాళంచెవులు బావాబావమరుదులిద్దరికి ఇస్తే, వాళ్లు ఒక్కటై గదిని ఊడ్చిపెట్టారు. షాపు మూతపడాల్సింది, ఎలాగో గట్టెక్కింది. ఇంకోసారి అలా జరిగితే గట్టెక్కేది లేదు. అందుకే ఈసారి చుట్టరికం వద్దు, స్నేహం వద్దు, ఒకరంటే ఒకరికి పడనివాళ్లే కావాలనుకున్నాడు. పనిలో చేరిన రోజే ఫ్యాను కింద కుర్చీ కోసం కొట్లాడుకున్న ఈ ఇద్దరినీ చూసి, అక్కడికక్కడే తాళంచెవులు చేతిలో పెట్టేశాడు.

ఇవాళ ఆడిటర్ హేమంత్‌కుమార్ వచ్చాడు.

"వీళ్లు మాత్రం కుమ్మక్కు కారని ఏంటి నమ్మకం? ఉండండి, నేను చూస్తా" అంటూ ఓబులేసును పక్కకు పిలిచాడు. "ఆమెతో మాట్లాడి ఒక్క కట్ట తీగ బయటపెట్టు. సగం నీకు."

"ఆ యమ్మతోనా? నేను సుఖంగా ఉండేది మీకు ఇష్టం ల్యా సార్?" అని ఓబులేసు రెండు చేతులూ జోడించాడు.

సుబ్బలక్ష్మమ్మనూ అలాగే అడిగాడు.

"ఆయప్పతోనా?" అని ఎగిరిపడిందామె. "ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చే మనిషితో దొంగతనమా సార్!"

ఆడిటర్ పగలబడి నవ్వి, "ఇంతకంటే గట్టి కాపలా నేనెక్కడా చూడలేదు" అని సంతకం పెట్టేశాడు.

చిక్కమునియప్ప ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. అప్పటికప్పుడు రెండు ప్రెషర్ కుక్కర్లు తెప్పించి ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు.

"ఇట్లే కొట్లాడతా ఉండండప్పా. నాకు కంటినిండా నిద్ర పడతాది!"

సుబ్బలక్ష్మమ్మ రెండు కుక్కర్లనూ ఎగాదిగా చూసింది. ఓబులేసు చేతిలోది లాక్కుని బల్ల మీద పెట్టింది.

"ఉండేది ఒక పొయ్యి, రెండు కుక్కర్లు ఏం చేసుకునేది సావుకారూ? దీన్ని మార్చి మిక్సీ ఇప్పించండి. మా ఇంటాయనకు నోరు తెరిచి అడిగేదే రాదు."