ఓటిస్ గ్రేడీ అప్పీలు

అలబామాలోని ఒక జైల్లో, ములాఖత్ గదిలో ఖైదీ ఓటిస్ గ్రేడీ ఎదుట లాయర్ కారా కూర్చుంది. జైలువాళ్లు అతనికి కంటి ఆపరేషన్ చేయించాలని వేసిన అప్పీలు మీద వచ్చిన తీర్పు తెచ్చింది.

"గెలిచామా మేడం?"

"కొట్టేశారండీ. ఇక తేల్చాల్సిందేమీ మిగల్లేదట."

"మూడు నెలల్లో కంటికి ఆపరేషన్ చేయించకపోతే చూపు పోతుందని జైలు డాక్టరే రాసిచ్చాడు కదా!"

"జైలువాళ్లు వాయిదాలు అడుగుతూ పోయారు. కోర్టు ఇస్తూ పోయింది. ఈలోగా రెండేళ్లయింది."

"సాగదీసిందీ వాళ్లే, అంతా అయిపోయిందనేదీ వాళ్లేనా? భలే న్యాయం!"

ఓటిస్ గాల్లోకి చెయ్యి చాచాడు. కారా కాగితాన్ని అతని వేళ్లకి అందించింది.

"నేను గుడ్డివాణ్ణయ్యానని ఇందులో రాశారా?"



"లేదండీ. ఆపరేషన్ అవసరం తీరిపోయిందని రాశారు."